యురేనియంలో బోరాన్‌ని పసుపు పట్టించిన కథ

హైదరాబాద్ మౌలాలి దగ్గర న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది. అందరి నోటా ఎన్ఎఫ్‌సీ. 1971లో పెట్టిన ఈ కర్మాగారంలో తయారయ్యే ఇంధన బిళ్లలు నల్లగా, పొట్టిగా, గుండ్రటి కడ్డీని ముక్కలు కోసినట్టు ఉంటాయి. యురేనియం డయాక్సైడ్ పొడిని అచ్చులో నొక్కి, 1,700 డిగ్రీల దగ్గర కాల్చి వీటిని చేస్తారు. 220 మెగావాట్ల రియాక్టర్‌కి వెళ్లే ఒక్కో కట్టలో 19 గొట్టాలు, వాటి నిండా ఈ బిళ్లలు, మొత్తం సుమారు 15 కిలోలు. సాంద్రత సరిపోయి, కొలతలు సరిపోయినా రసాయన ప్రయోగశాల కాగితం రానిదే సరుకు ముందుకు కదలదు. ఆ కాగితంలో ఇనుము, నికెల్, క్రోమియం, మాలిబ్డినం, రాగి వరుసగా ఉంటాయి. వాటికి కొంత వెసులుబాటు ఉంది. బోరాన్, కాడ్మియం ఎదురుగా రాసే హద్దు మాత్రం పీపీఎంలో పదో వంతుల్లో ఉంటుంది. అంటే టన్ను యురేనియంలో గ్రాము కూడా నిండకూడదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, మన భారజల రియాక్టర్లు సహజ యురేనియంతోనే నడుస్తాయి. అందులో చీలే యురేనియం-235 వందకి ఒక వంతు కూడా ఉండదు, 0.7 శాతమే. ఒక పరమాణువు చీలితే బయటపడే న్యూట్రాన్లు సగటున రెండున్నర లోపే. వాటిలో ఒకటి తప్పనిసరిగా ఇంకో చీలికకు దారి తీయాలి. మిగిలినవాటిలో కొన్ని బయటికి పోతాయి, కొన్ని యురేనియం-238 మింగుతుంది, కొన్ని గొట్టాలు, నీళ్లు తీసుకుంటాయి. ఈ బొటాబొటి లెక్కలోకి బోరాన్ వచ్చి కూర్చుంటే ఏమవుతుందో చూడండి. నెమ్మదించిన న్యూట్రాన్లను పట్టుకోవడంలో సహజ యురేనియం పరమాణువు కంటే సహజ బోరాన్ పరమాణువు దాదాపు వంద రెట్లు జోరు. పైగా బోరాన్ తేలిక కాబట్టి, గ్రాముకి గ్రాము పోలిస్తే ఆ తేడా రెండు వేల రెట్లు దాటుతుంది. రియాక్టర్‌ని ఆపాలంటే లోపలికి దించే పదార్థాల్లో బోరాన్, కాడ్మియం రెండూ ఉన్నాయి. ఆపడానికి వాడేదే ఇంధనంలో నలుసుగా ఉండిపోతే ఇక నడిపేదేమిటి?

బోరాన్ నిక్కచ్చిగా లోహం కాదు, లోహాభం. అయినా ప్రయోగశాల కాగితంలో లోహాలతో కలిపే రాస్తారు. అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది అదే కాబట్టి, ఈ కథలో పెద్దపీట దానికే.

బోరాన్ బెడద మొదట యురేనియంలో కాదు, న్యూట్రాన్లను నెమ్మదింపజేయడానికి వాడే గ్రాఫైట్‌లో బయటపడింది. జర్మనీలో వాల్టర్ బోథే 1941 మొదట్లో హైడల్‌బర్గ్‌లో గ్రాఫైట్ గోళం మీద కొలతలు తీసి, అది న్యూట్రాన్లను మరీ ఎక్కువగా మింగేస్తోందని తేల్చాడు. ఆ మింగుడు కార్బన్‌ది కాదు, అందులోని మలినాలది. జర్మన్లు భారజలం వైపు మళ్లారు. అట్లాంటిక్‌కి అవతల, అమెరికాలో, లియో షిలార్డ్‌కి అదే అనుమానం ముందే వచ్చింది. గ్రాఫైట్ తయారుచేసే నేషనల్ కార్బన్ కంపెనీ మనుషులతో మాట్లాడుతూ, ఇందులో బోరాన్‌లాంటిది ఏమైనా ఉంటుందా అని అడిగాడు. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. ఉంటుంది మరి. ఎలక్ట్రోడ్లు అమ్ముకునేవాడికి ఆ కాస్త బోరాన్‌తో ఏం పని? ఆ తర్వాత శుద్ధమైన గ్రాఫైట్ వచ్చింది. 1942 డిసెంబర్ 2న షికాగోలో ఫెర్మీ పేర్చిన గ్రాఫైట్, యురేనియం కుప్ప పనిచేసింది.

యురేనియం సంగతి ఇంకో దారిలో నడిచింది. 1942 వేసవిలో సెయింట్ లూయిస్‌లోని మాలింక్‌రాట్ రసాయనాల కంపెనీ యురేనైల్ నైట్రేట్‌ని ఈథర్‌లోకి లాగి శుద్ధి చేయడం మొదలుపెట్టింది. యురేనైల్ నైట్రేట్‌కి ఈథర్ అంటే ఇష్టమని పందొమ్మిదో శతాబ్దంలోనే ఫ్రెంచి రసాయనవేత్త పెలిగో చూసిపెట్టాడు. మంట పేరెత్తితే భగ్గుమనే ఈథర్‌ని టన్నుల లెక్కన వాడటం మాత్రం ఎవరూ ఎరగని సాహసం. సరే, శుద్ధి చేశాం అన్నారు. ఎంత శుద్ధి అన్న ప్రశ్నకు జవాబు ఎవరు చెప్పాలి? అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో క్లెమెంట్ రాడెన్ లాంటి విశ్లేషకుల మీద ఆ భారం పడింది. యుద్ధకాలంలో వాళ్లు కూడబెట్టిన పద్ధతులన్నీ 1950లో రాడెన్ సంపాదకత్వంలో లావుపాటి పుస్తకంగా వచ్చాయి. అమెరికా యుద్ధకాలంలో నడిపిన ఈ అణు పథకం, మాన్‌హటన్ ప్రాజెక్ట్, అనగానే జనానికి బాంబు గుర్తొస్తుంది. విశ్లేషణ రసాయనం చదివినవాళ్లకి ఆ పుస్తకం గుర్తొస్తుంది.

రంగు చూసి పరిమాణం చెప్పడం అప్పటికే పాత విద్య. 1729లో బూగేర్, 1760లో లాంబర్ట్, 1852లో బేర్ కలిసి ఇచ్చిన సూత్రం కాలేజీ పిల్లలందరికీ వచ్చు: ద్రావణం ఎంత మందంగా, ఎంత గాఢంగా ఉంటే అంత కాంతి ఆగుతుంది. నెస్లర్ గొట్టాలు పక్కపక్కన పెట్టి తెల్ల కాగితం మీద కంటితో పోల్చేవారు. 1854లో డ్యుబాస్క్ కలరీమీటర్ వచ్చింది. 1941లో బెక్‌మాన్ డీయూ స్పెక్ట్రోఫొటోమీటర్ వచ్చాక కంటి పని ఫొటోట్యూబుకి పోయింది. ఏ లోహానికి ఏ రంగు తెప్పించే కారకం వాడాలన్నదీ అప్పటికే చాలామటుకు తెలుసు. ఇనుముకి ఫినాంత్రోలిన్ కలిపితే నారింజ ఎరుపు. నికెల్‌కి డైమిథైల్‌గ్లయాక్సిమ్, చుగాయెవ్ 1905లో చెప్పినది. క్రోమియంకి డైఫినైల్ కార్బజైడ్, ఊదా రంగు. కాడ్మియంకి డైథిజోన్, గులాబి. సిలికాకి మాలిబ్డినం నీలం. పుస్తకంలో చదివితే పండగ రంగుల్లా కనిపిస్తాయి ఇవన్నీ.

యురేనియం దగ్గరికొచ్చేసరికి ఆ పండగ ఆగిపోతుంది. రంగు తెప్పించడం ఎప్పుడూ తేలికే, ఆ రంగు ఎవరిదో తేల్చడమే కష్టం.

మొదటి ఇబ్బంది యురేనియమే. యురేనైల్ నైట్రేట్ ద్రావణం చక్కటి పచ్చగా ఉంటుంది, 415 నానోమీటర్ల దగ్గర కాంతిని మింగుతుంది. గ్రాము యురేనియంలో మైక్రోగ్రాము నికెల్‌ని వెతుకుతున్నామంటే, పది లక్షల వంతుల పసుపుపచ్చలో ఒక వంతు ఎరుపుని వెతుకుతున్నట్టే. పైగా యురేనియం చూస్తూ ఊరుకోదు. మాలిబ్డినం కోసం వేసిన థయోసయనేట్‌తో తనూ కలిసి పచ్చబడుతుంది. పెరాక్సైడ్ వేస్తే దానితోనూ పచ్చబడుతుంది. రేర్ ఎర్త్‌ల కోసం వేసే కారకం, 1959లో రష్యన్ రసాయనవేత్త సావిన్ ఇచ్చిన ఆర్సెనాజో-3 అయితే మరీ దారుణం, యురేనియం దొరికితే ముందు దాన్నే పట్టుకుంటుంది.

కాబట్టి ముందు యురేనియంని తప్పించాలి. ఇక్కడే నాకు బాగా నచ్చిన మలుపు ఉంది. కర్మాగారంలో ఏం చేస్తారు? గని దగ్గర ఖనిజం నుంచి తీసిన పచ్చటి యురేనియం ముద్దని, అంటే ఎల్లో కేక్‌ని, నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, కిరోసిన్‌లాంటి నూనెలో కలిపిన ట్రైబ్యుటైల్ ఫాస్ఫేట్‌తో, అదే టీబీపీతో, కలియబెడతారు. యురేనియం నూనె పొరలోకి ఎక్కుతుంది. ఇనుము, నికెల్, కాడ్మియం, బోరాన్ నీళ్ల పొరలో మిగులుతాయి. నూనె పొర నుంచి యురేనియంని మళ్లీ నీళ్లలోకి దించి, అమోనియాతో అవక్షేపిస్తే పచ్చటి అమోనియం డైయురనేట్ వస్తుంది. దాన్ని కాల్చి, హైడ్రోజన్‌తో క్షయకరిస్తే నల్లటి డయాక్సైడ్. ప్రయోగశాలలో చేసేదీ అదే పని, అదే టీబీపీ, కాకపోతే వేర్పాటు గరాటులో. తేడా ఎక్కడంటే, కర్మాగారం పారబోసే నీళ్ల పొరే విశ్లేషకుడికి కావలసింది. వాళ్లకి యురేనియం ముద్దు, ఇతనికి యురేనియం వదిలేసినది ముద్దు. ఆ నీళ్లు ఇగిరించి, మిగిలిన ఆ కాస్తలో రంగు తెప్పిస్తే అప్పుడు నారింజ నారింజలా, గులాబి గులాబిలా కనిపిస్తుంది.

ఇనుము, నికెల్, మాంగనీస్ ఈ పద్ధతికి లొంగాయి. బోరాన్ లొంగలేదు. ఆమ్ల ద్రావణాన్ని ఇగిరిస్తే బోరిక్ ఆమ్లం ఆవిరితో పాటు ఎగిరిపోతుంది. అంటే కొలవబోయే సరుకే గిన్నెలోంచి మాయం. దాన్ని ఆపడానికి మానిటాల్ కలపడమో, క్షారంగా మార్చి ఇగిరించడమో చేయాలి. లేదా ఆ ఎగిరే గుణాన్నే వాడుకోవాలి: మిథనాల్ కలిపి మిథైల్ బోరేట్‌గా మార్చి, ఆవిరిగా పైకి పంపి, పక్క గిన్నెలో పట్టుకోవాలి. యురేనియం అడుగునే ఉండిపోతుంది. ఇంకో దారి, ఇథైల్ హెక్సేన్ డయాల్ అనే రెండు ఓహెచ్ చేతులున్న ఆల్కహాల్‌ని క్లోరోఫామ్‌లో కలిపి, బోరిక్ ఆమ్లాన్ని మాత్రం అందులోకి లాగడం. మన దేశంలో అణు ఇంధన ప్రయోగశాలల్లో ఈ దారి బాగా వాడుకలోకి వచ్చింది.

వేరు చేసిన బోరాన్‌కి రంగు తెప్పించేది కర్క్యుమిన్, అంటే మన పసుపులోని పచ్చదనం. నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్లలో బస్తాలకు బస్తాలు తూగే ఆ పసుపు కొమ్ములోదే. కొమ్ములో అది మూడు నాలుగు శాతం ఉంటుంది. 1815లో వోగెల్, పెలెటియర్ దాన్ని మొదటిసారి విడదీశారు. బోరిక్ ఆమ్లంతో కలిస్తే అది ఎర్రటి కొత్త పదార్థంగా మారుతుందని, దాన్ని రోసోసయనిన్ అనొచ్చని 1866లో ష్లుంబర్గర్ రాశాడు. కర్క్యుమిన్ నిర్మాణం 1910లో తెలిసింది. ఒక బోరాన్ పరమాణువు చుట్టూ రెండు కర్క్యుమిన్ అణువులు అల్లుకుంటే రోసోసయనిన్ అవుతుందని, ఆక్సాలిక్ ఆమ్లం ఉంటే ఇంకో రకం ఎరుపు పుడుతుందని 1952లో స్పైసర్, స్ట్రిక్‌లాండ్ తేల్చారు. 1939లో నాఫ్టెల్ నేలలోని బోరాన్‌ని ఈ రంగుతో కొలిచాడు, పంటకి ఎంత అందుతోందో చూడటానికి. 1962లో హేస్, మెట్‌కాఫ్ గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం, సల్ఫ్యూరిక్ ఆమ్లం మిశ్రమంలో రంగుని పూర్తిగా తెప్పించే తీరు చెప్పాక, ఆ పద్ధతి అణు ప్రయోగశాలల్లో స్థిరపడింది.

ఈ విద్య యూరప్‌లో పుట్టిందని అనుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. నేనుండే ఉస్లాపూర్, ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌ని ఆనుకుని కట్నీ లైన్‌లో వచ్చే మొదటి స్టేషన్. రైల్వే ఉద్యోగాలకని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఈ చుట్టుపక్కలే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మా వీధిలో ఒక పెద్దావిడ ఇప్పటికీ కుంకుమ ఇంట్లోనే చేసుకుంటారు. పసుపు కొమ్ములు ముక్కలు చేసి, వెలిగారం, పటిక, నిమ్మరసం కలిపి నానబెట్టి, నీడన ఆరబెట్టి దంచుతారు. వెలిగారం అంటే బోరాక్స్. ఇక్కడి కిరాణా కొట్లో సుహాగా అని అడిగితే కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు. ఆవిడ చేస్తున్నప్పుడు పక్కన కూర్చుని చూశాను.

“నిమ్మరసం తగ్గిందంటే నల్లగైపోద్ది బాబూ. ఎలిగారం ఉంది గదాని పోసీకూడదు.”

“నల్లగా ఎందుకవుతుంది పిన్నిగారూ?”

“ఎందుకో నాకేటి తెలుస్తాది? మాయమ్మ అలాగే సెప్పింది, అలాగే సేస్తన్నాను.”

వాళ్లమ్మ చెప్పింది అక్షరాలా నిజం. బోరాక్స్ నీళ్లలో క్షారం. ఆమ్లం చాలకపోతే, పుట్టిన రోసోసయనిన్ ఆ క్షారంలో నీలినలుపుకి తిరుగుతుంది. ప్రయోగశాల పుస్తకాల్లో బోరాన్‌ని రుజువు చేసే పరీక్ష కూడా ఇదే. స్పిరిట్‌లో పసుపు కలిపి వడకట్టి, ఫిల్టర్ కాగితం మీద పోసి ఆరనిస్తారు. పచ్చటి కాగితం వస్తుంది. ఒక కాగితం మీద సున్నపు తేట చుక్క వేస్తే వెంటనే ఎర్రబడుతుంది. అది పారాణి ఎరుపు, క్షారం వల్ల వచ్చింది. దాని మీద నిమ్మరసం వేస్తే మళ్లీ పచ్చబడుతుంది. ఇంకో కాగితం మీద వెలిగారం కరిగించి, పుల్లగా అయ్యేదాకా ఆమ్లం కలిపి చుక్క వేస్తారు. తడిగా ఉన్నంతసేపు ఏమీ కనిపించదు. మెల్లగా వేడి చేసి ఆరబెడితే గోధుమ ఎరుపు పైకి తేలుతుంది. ఈ ఎరుపు ఆమ్లం పోసినా పోదు. అమోనియా సీసా మూత తీసి దాని మీద పట్టారంటే నల్లటి ఆకుపచ్చకి తిరుగుతుంది. రెండు ఎరుపులు, రెండు స్వభావాలు. క్షారం తెచ్చిన ఎరుపునీ బోరాన్ తెచ్చిన ఎరుపునీ విడదీసేది ఈ ఆరడం, ఈ ఆమ్లం.

నీళ్లుంటే రోసోసయనిన్ సరిగా పుట్టదన్నది కూడా అక్కడే కనిపిస్తుంది. అందుకే నీళ్ల పరీక్షల్లో వాడే కర్క్యుమిన్ పద్ధతిలో గిన్నెని 55 డిగ్రీల దగ్గర 80 నిమిషాలు ఉంచి పూర్తిగా ఇగిరించమంటారు. వేడి కాస్త అటూఇటూ అయితే రంగు మారిపోతుంది. పిన్నిగారు నీడన ఆరబెట్టడంలో ఉన్న పట్టుదలే ఇందులోనూ ఉంది.

ఆ రంగు ఎంత చిక్కనిదో అంకెల్లో చూద్దాం. ఒక్క మైక్రోగ్రాము బోరాన్‌ని రోసోసయనిన్‌గా మార్చి 25 మిల్లీలీటర్ల ద్రావణంలో కలిపారనుకోండి. ఒక సెంటీమీటరు గుండా 550 నానోమీటర్ల కాంతిని పంపితే సుమారు ఐదో వంతే అవతలికి వస్తుంది. గ్రాములో పది లక్షల వంతు ఇంత కనిపించేలా చేసే కారకాలు రంగుల విశ్లేషణలో ఎక్కువ లేవు.

కానీ ఇంత చురుకైన కారకమే రెండో ఇబ్బంది తెచ్చిపెడుతుంది. అది నమూనాలోని బోరాన్‌నీ చూపిస్తుంది, గిన్నెలోని బోరాన్‌నీ చూపిస్తుంది. మన ప్రయోగశాలల్లో బీకరు అంటే బోరోసిలికేట్ గాజు. అందులో పదమూడు శాతం దాకా బోరాన్ ఆక్సైడ్, లెక్కేస్తే నాలుగు శాతం బోరాన్. గ్రాము యురేనియంలో 0.1 పీపీఎం బోరాన్ ఉందంటే మొత్తం 0.1 మైక్రోగ్రాము. అంత బోరాన్ గాజులోంచి రావాలంటే రెండున్నర మైక్రోగ్రాముల గాజు కరిగితే చాలు. వేడి క్షారానికి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లానికి అది క్షణంలో పని. అప్పుడు సమాధానం రెట్టింపు వస్తుంది, ఇంధనం మంచిదే అయినా తిరస్కరిస్తారు. అందుకని బోరాన్ పనికి ప్లాటినం, క్వార్ట్జ్, పాలిథిన్, టెఫ్లాన్ గిన్నెలే. నీళ్లని గాజు స్వేదన యంత్రంలో కాకుండా క్వార్ట్జ్‌లో మరిగిస్తారు. ఆమ్లాలు కొనేటప్పుడు సీసా ఏ గాజుదని కూడా చూస్తారు.

ఇవన్నీ చేశాక కూడా పక్కన ఇంకో గిన్నె పెడతారు. అందులో అన్నీ ఉంటాయి, అదే నైట్రిక్ ఆమ్లం, అదే డయాల్, అదే కర్క్యుమిన్, అదే వేడి, అన్నేసి నిమిషాలు. యురేనియం మాత్రం ఉండదు. దీన్ని బ్లాంక్ అంటారు. నమూనా గిన్నె రంగులోంచి బ్లాంక్ గిన్నె రంగు తీసేస్తే మిగిలేదే అసలు సంగతి. బ్లాంక్ అంకె నమూనా అంకెకి దగ్గరగా వస్తే కొలత దండగ. నిపుణుడైన విశ్లేషకుడు ముందు చూసేది నమూనాని కాదు, బ్లాంక్‌ని. “ఈవాళ బ్లాంక్ ఎక్కువొచ్చింది” అన్న మాట ప్రయోగశాలలో వినిపించిందంటే ఆ రోజు రిపోర్టు లేనట్టే. రంగులు కనిపెట్టినవాళ్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. బ్లాంక్‌ని కిందికి తెచ్చినవాళ్ల పేర్లు చాలావరకు లేవు. నన్నడిగితే ఈ శాస్త్రంలో అసలు ఆవిష్కరణ రెండోవాళ్లదే.

మన దేశానికి ఈ అవసరం 1950ల చివర్లో వచ్చింది. బొంబాయి ట్రాంబేలో సైరస్ రియాక్టర్ కడుతున్నారు. కెనడా సాయం చేస్తోంది, కానీ ఇంధనంలో కొంతైనా మన చేతులతో చేయాలని హోమీ భాభా పట్టుబట్టాడు. ట్రాంబేలో యురేనియం మెటల్ ప్లాంట్ కట్టారు. 1959 జనవరి 30న అణుశ్రేణి, అంటే రియాక్టర్‌కి పనికొచ్చేంత శుద్ధమైన, యురేనియం లోహపు మొదటి దిమ్మ బయటికి వచ్చింది. మరుసటి ఏడు జులై 10న సైరస్ నడిచింది. దాని మొదటి ఇంధనంలో సగం భారతీయం. ఆ లోహం అణుశ్రేణికి చెందిందని ఎవరు చెప్పాలి? ట్రాంబే విశ్లేషణ రసాయన విభాగం, దాని పెద్ద వి.టి. అథవాలే. బోరాన్ ఇంతే ఉంది, కాడ్మియం ఇంతే ఉంది అని వాళ్లు సంతకం పెట్టకపోతే ఆ దిమ్మ వట్టి బరువే.

తెలుగునాట విశ్లేషణ రసాయనానికి అప్పటికే గట్టి పునాది ఉంది. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ప్రొఫెసర్ జి. గోపాలరావు, ఆయన శిష్యులు వనడేట్‌తో చేసే టైట్రేషన్లలో ప్రపంచానికి తెలిసిన బడి నడిపారు. యురేనియం ఎంత ఉందో చెప్పడం టైట్రేషన్ పని, యురేనియం కానిది ఎంత ఉందో చెప్పడం రంగు పని. ఒకటి పెద్ద అంకె చుట్టూ తిరుగుతుంది, ఇంకోటి సున్నా చుట్టూ. ఒకదాంట్లో చేయి తిరిగినవాడికి రెండోది కూడా వస్తుందని చెప్పలేం.

హైదరాబాద్‌కి ఈ పని తరలివచ్చింది ఎన్ఎఫ్‌సీతోనే. దాన్ని నిలబెట్టిన మొదటి తరం అధిపతి ఎన్. కొండల్‌రావు. 1974లో పోఖ్రాన్ పరీక్ష తర్వాత కెనడా చేయి వదిలేసింది. అప్పటినుంచి మన భారజల రియాక్టర్ల ఇంధనం భారం హైదరాబాద్ మీదే పడింది. అదే ఏడు, ఖనిజాన్వేషణ చేసే అణు ఖనిజ విభాగం ప్రధాన కార్యాలయం ఢిల్లీ నుంచి బేగంపేటకి వచ్చింది. మా ఛత్తీస్‌గఢ్‌లో రాజ్‌నంద్‌గావ్ వైపు బోడల్‌లో, సుర్గుజా వైపు జాజావల్‌లో ఆ విభాగంవాళ్లు యురేనియం జాడలు కనిపెట్టారు. జాదుగుడా నుంచి చాలాకాలం మెగ్నీషియం డైయురనేట్ ఎన్ఎఫ్‌సీకి వచ్చేది, కడప జిల్లా తుమ్మలపల్లె నుంచి సోడియం డైయురనేట్ వస్తుంది. తుమ్మలపల్లెది సున్నపురాతిలాంటి డోలమైట్ రాయి, అందుకే ఆమ్లంతో కాక క్షారంతో ఖనిజాన్ని కరిగిస్తారు. ఆ రాతిలో మాలిబ్డినం కూడా ఉంటుంది. కాబట్టి పాత థయోసయనేట్ రంగు అక్కడ మళ్లీ పనికొచ్చే మాటే. గని మారితే మలినాల జాబితా మారుతుంది, విశ్లేషకుడి చింత మారుతుంది.

రంగుల పద్ధతికి పోటీ మొదట్నుంచే ఉంది. 1946లో స్క్రిబ్నర్, మల్లిన్ ప్రచురించిన క్యారియర్ డిస్టిలేషన్ పద్ధతిలో, యురేనియం ఆక్సైడ్‌లో కాస్త గాలియం ఆక్సైడ్ కలిపి కార్బన్ గిన్నెలో విద్యుత్ ఆర్క్ వెలిగిస్తారు. యురేనియం మొండిది, లేవదు. మలినాలు గాలియంతో కలిసి ముందే ఆవిరై, ఒక్కోటి తన గీతని ఫొటో పలక మీద గీసిపోతాయి. ఒక్క దెబ్బకి పాతిక మూలకాలు. రంగు పద్ధతిలో ఒక్కో మూలకానికి ఒక్కో పూట. తర్వాత 1955లో వాల్ష్ అటామిక్ అబ్సార్ప్షన్ తెచ్చాడు. ఆపైన ప్లాస్మా వచ్చింది. 1980లో ఆ ప్లాస్మాని మాస్ స్పెక్ట్రోమీటర్‌కి తగిలించి ఐసీపీ-ఎంఎస్‌ని చూపించిన హోక్, ఫాసెల్ పనిచేసింది అయోవాలోని ఏమ్స్ ప్రయోగశాలలో. యుద్ధకాలంలో స్పెడింగ్ బృందం యురేనియం లోహం పోతపోసింది కూడా అక్కడే.

ప్లాస్మాతో కథ ముగిసిందని చాలామంది అనుకుంటారు. ముగియలేదు. యురేనియంకి వేలాది వర్ణపట గీతలు. నమూనాని నేరుగా ప్లాస్మాలోకి ఊదితే, ఆ గీతల గుంపులో బోరాన్ గీత, కాడ్మియం గీత ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. కాబట్టి ఐసీపీకి పెట్టేముందు కూడా టీబీపీతో యురేనియంని తీసేస్తారు. నీళ్ల పొరే పట్టుకుంటారు. బ్లాంక్ ముందు చూస్తారు. యంత్రం ఖరీదు కోట్లకి చేరినా ఆ మూడు పనులు మారలేదు. పసుపు కూడా పూర్తిగా పోలేదు. 2004లో హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గరి పదార్థాల కూర్పు విశ్లేషణ కేంద్రం నుంచి తంగవేల్, ఆయన సహచరులు ఒక పద్ధతి ప్రచురించారు. బోరేట్ ఎస్టర్‌ని మరిగించకుండా నెమ్మదిగా ఆవిరి చేసి, అదే పాత్రలో పక్కనున్న కర్క్యుమిన్‌లోకి నేరుగా పట్టుకోవడం. వేరు చేయడం, రంగు తెప్పించడం ఒకే మూత కింద జరిగిపోతాయి. బయటి గాజు తగలదు, బయటి గాలి తగలదు, బ్లాంక్ దిగిపోతుంది. ఖరీదైన యంత్రం లేని ప్రయోగశాల కూడా చేసుకోగల పని అది.

మన డిగ్రీ కాలేజీల్లో ఇనుముకి ఫినాంత్రోలిన్ ప్రయోగం ఇప్పటికీ చేయిస్తున్నారు. స్టాండర్డ్ గ్రాఫ్ గీసి, గీత మీద చుక్క చూపిస్తే మార్కులు పడిపోతున్నాయి. ప్రాక్టికల్ పరీక్షలు పెట్టే అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే: బ్లాంక్ రీడింగ్ రాయని రికార్డుకి సంతకం పెట్టకండి.